బెజ్జంలో పట్టిందల్లా బోల్టు కాదు

అమెరికా వెళ్లిన తల్లిదండ్రులు అక్కడ ఏం చేస్తారని చాలామంది అడుగుతుంటారు. మొదటి నెల వింతలు చూస్తారు. రెండో నెల గుళ్లకీ, తెలిసినవాళ్ల ఇళ్లలో భోజనాలకీ తిరుగుతారు. మూడో నెల నుంచి కిటికీ దగ్గర కూచుని, రోడ్డు మీద ఒక్క మనిషైనా నడిచి వెళతాడేమోనని చూస్తారు. 2018 వేసవిలో నేను సరిగ్గా ఆ మూడో నెలలో ఉన్నాను. అలాంటి రోజుల్లో ఒక శనివారం పొద్దున మావాడు తుప్పుపట్టిన ఇనుప చట్రం ఒకటి తెచ్చి గరాజులో దబ్బున పడేశాడు. ముప్ఫై ఎనిమిదేళ్లు వర్క్‌షాపులో గడిపినవాడికి అంతకంటే ఏం కావాలి! కాఫీ గ్లాసు కిటికీలోనే వదిలేసి వెళ్లాను.

దాన్ని అక్కడ హిచ్ అంటారు. మన ట్రాక్టరు వెనక ట్రక్కు తగిలించడానికి హుక్కు ఉంటుంది చూడండి, కార్లకి అలాంటిదన్నమాట. కారు అడుగున వెనకవైపు అడ్డంగా ఒక ఉక్కు గొట్టం, దానికి రెండు పక్కలా రెక్కలు. రెక్కలకున్న బెజ్జాల్లోంచి బోల్టులు పోయి కారు చట్రానికి బిగుసుకుంటాయి. మధ్యలో చదరపు నోరు. అందులో గుండు ఉన్న కడ్డీ దూర్చి, ఆ గుండు మీద ట్రెయిలర్ మెడని కూర్చోబెడతారు. పడవలూ, పాత సోఫాలూ, ఇల్లు మారేటప్పుడు ఇల్లంతా కూడా అక్కడివాళ్లు ఇలాగే కారు వెనక కట్టుకుపోతారు.

మావాడి ఉద్దేశం మడతపెట్టే గుడారపు ట్రెయిలర్ ఒకటి అద్దెకు తీసుకుని, మమ్మల్నందరినీ మినీ వ్యాన్‌లో ఎక్కించి, మిషిగన్ రాష్ట్రం ఉత్తరపు కొసకి తీసుకెళ్లాలని. వాళ్లుండేది డెట్రాయిట్ శివార్లలో. అక్కణ్నుంచి మ్యాకినా వంతెన దాకా సుమారు 460 కిలోమీటర్లు. కొత్త హిచ్ కొని షాపులో బిగింపజేస్తే బాగానే ఖర్చవుతుందని, దగ్గర్లో ఎవరో ఇంట్లో పాత సామాను అమ్ముతుంటే నలభై డాలర్లకు తెచ్చాడు. బేరం బాగానే ఉంది. ఒక్కటే లోటు. బోల్టులు లేవు.

"బోల్టులదేముంది నాన్నా, హార్డ్‌వేర్ షాపులో కుప్పలుగా ఉంటాయి" అని వెళ్లాడు. గంటలో చిన్న సంచీతో వచ్చాడు. తళతళలాడుతున్న బోల్టులు. నాలుగు 12 మిల్లీమీటర్లవి, రెండు అర అంగుళంవి. చేతిలోకి తీసుకుని తలలు చూశాను. అర అంగుళం వాటి తలల మీద ఏమీ లేదు. నున్నగా ఉన్నాయి.

"వీటిని వెనక్కి ఇచ్చి రా" అన్నాను.

"ఎందుకు? బెజ్జంలో సరిగ్గా పట్టాయి కదా!"

ఇదిగో, ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఎందుకో తర్వాత చెబుతాను. కుళాయి వాషర్ల గురించీ కుక్కరు గాస్కెట్ గురించీ ఈ శీర్షికలో రాసినప్పుడు "ఇంత చిన్న వస్తువుకి ఇంత పురాణమా" అన్నవాళ్లు ఈ వారం కూడా కాస్త ఓపిక పట్టాలి.

బోల్టుకి లావు ఉంటుంది, పొడవు ఉంటుంది. మన కంటికి కనిపించేవి ఈ రెండే. కనిపించనివి ఇంకో రెండున్నాయి. ఒకటి మర పిచ్, అంటే ఒక చుట్టుకీ పక్క చుట్టుకీ మధ్య ఎడం. రెండోది దాని ఉక్కు సత్తువ. సత్తువ పైకి కనిపించదు కాబట్టే దాన్ని తల మీద అచ్చువేస్తారు. మిల్లీమీటర్ల బోల్టు తల మీద 4.6 అనో, 8.8 అనో, 10.9 అనో అంకెలుంటాయి. చుక్కకి ముందున్న అంకెని పదితో హెచ్చవేయండి. 8.8 అయితే 80. చదరపు మిల్లీమీటరుకి దాదాపు 80 కిలోల లాగుడు దగ్గర ఆ ఉక్కు తెగుతుంది. చుక్క తర్వాతి అంకె అందులో ఎన్ని వంతుల దాకా ఆగుతుందో చెబుతుంది. 8 అంటే పదింట ఎనిమిది వంతులు, అంటే 64 కిలోల దాకా లాగి వదిలితే రబ్బరు బ్యాండులా మళ్లీ తన పొడవుకి వచ్చేస్తుంది. అది దాటితే సాగిపోతుంది, ఇక వెనక్కి రాదు. ఈ లెక్కన మామూలు 4.6 బోల్టు 24 కిలోలకే సాగిపోతుంది. 10.9 అయితే 90 దాకా నిలబడుతుంది. మూడూ ఒకే లావు, ఒకే పొడవు, ఒకే మెరుపు. పక్కపక్కన పెడితే తల మీది అంకెలు తప్ప తేడా చెప్పడం బ్రహ్మతరం కాదు.

అంగుళాల బోల్టులకి అమెరికాలో అంకెలుండవు, గీతలుంటాయి. తల మీద నడిమి నుంచి అంచుకి పోయే చిన్న గీతలు. వాటిని లెక్కపెట్టి రెండు కలిపితే గ్రేడు వస్తుంది. మూడు గీతలుంటే 5వ గ్రేడు, దాదాపుగా మన 8.8కి సాటి. ఆరు గీతలుంటే 8వ గ్రేడు, 10.9కి దగ్గర. గీతలే లేకపోతే 2వ గ్రేడు. తలుపు గొళ్లేలకీ, పెరట్లో ఉయ్యాలలకీ సరిపోతుంది. మావాడు తెచ్చిన అర అంగుళం బోల్టులు ఆ రకం. మన ఊళ్లలో వీటినే ఎం.ఎస్. బోల్టులనీ, గట్టివాటిని హెచ్.టి. బోల్టులనీ అంటారు. కొట్టువాడు "ఏది కావాలి" అని అడిగితే సరే. అడక్కపోతే చేతికి వచ్చేది ఎం.ఎస్.ది అనుకోండి.

12 మిల్లీమీటర్ల బోల్టులది ఇంకో కథ. వాటి తల మీద 8.8 ఉంది, కాదనను. కానీ కారు చట్రంలో ముందే నట్టు అతికించి ఉంది, కంపెనీలోనే వెల్డింగు చేసింది. మావాడు బోల్టు తిప్పితే ఒకటిన్నర చుట్టు తిరిగి బిర్రబిగుసుకుంది. "తుప్పు పట్టినట్టుంది, పానా వేసి తిప్పుదాం" అన్నాడు. చేతిలో పానా లాక్కున్నంత పనిచేశాను. 12 మిల్లీమీటర్ల బోల్టుకి మామూలు పిచ్ 1.75. దగ్గర మర కావాలంటే 1.25 గానీ 1.5 గానీ ఉంటుంది. చాలా కార్లలో దగ్గర మరే వాడతారు. ఒకదాని మరలో ఇంకోదాన్ని పానాతో బలవంతంగా తిప్పితే తిరుగుతుంది. లోపలున్న నట్టు మరల్ని గీకేసి మరీ తిరుగుతుంది. ఆ నట్టు మార్చాలంటే కారు చట్రాన్ని కోయాలి. అందుకని నాకొక నియమం ఉంది, పిల్లలకి నేర్పింది కూడా అదే. ఏ బోల్టయినా ముందు వేళ్లతో తిప్పాలి. అయిదారు చుట్లు వేళ్లతో తిరిగాకే పానా ముట్టుకోవాలి.

మరి ఏ బోల్టు కావాలో ఎలా తెలుస్తుంది? నేను ఊహించి చెప్పగలను. ముప్ఫై ఎనిమిదేళ్ల అనుభవం. కానీ చెప్పలేదు. ఆ హిచ్‌ని బోర్లించి వైరు బ్రష్షుతో రుద్దాను. తుప్పు కింద, మట్టి కింద, చిరిగిన స్టిక్కరు ఒకటి బయటపడింది. తయారుచేసిన కంపెనీ పేరు, పార్టు నంబరు, ఎంత బరువు లాగొచ్చో ఉన్నాయి. బరువు 3,500 పౌండ్లు, అంటే దాదాపు 1,590 కిలోలు. మెడ మీద పడే బరువు 350 పౌండ్లు. ఆ నంబరు పట్టుకుని మావాడు కంప్యూటర్లో వెదికితే రెండు నిమిషాల్లో బిగింపు కాగితం దొరికింది. ఏ బోల్టు, ఏ పిచ్, ఏ గ్రేడు, ఎంత బలంతో బిగించాలి, ఏ వాషరు ఎటు తిప్పి వేయాలి, అన్నీ అందులో ఉన్నాయి. నలుగు 12 మిల్లీమీటర్లవి, పిచ్ 1.25, గ్రేడు 10.9. రెండు అర అంగుళం క్యారేజీ బోల్టులు, గ్రేడు 5. ఒకే హిచ్‌కి రెండు రకాల కొలతలు! జపాన్ కారుకి అమెరికా హిచ్ తగిలిస్తే అంతే మరి.

మనవాళ్లకి కాగితం చదవడం నామోషీ. కొత్త మిక్సీ కొంటే దాంతో వచ్చిన పుస్తకం అట్ట కూడా విప్పకుండా అటక మీదికి పోతుంది. పాత సామాను కొన్నప్పుడైతే కాగితమే ఉండదు కాబట్టి చదవక్కర్లేదని ఇంకా సంతోషం. నిజానికి పాత సామానుకే అది ఎక్కువ అవసరం.

"అయితే అన్నీ 10.9 కొనేద్దాం. గట్టిది కదా" అన్నాడు మావాడు. "ఇంకా పైన 12.9 కూడా ఉందట."

ఇదీ తప్పే. గట్టిదనం పెరిగేకొద్దీ ఉక్కుకి ఓర్పు తగ్గుతుంది. 12.9 బోల్టుకి తెల్లగా జింకు పూత వేయించారనుకోండి, ఆ పూత పూసే తొట్టిలో ఉక్కులోకి హైడ్రోజన్ చేరుతుంది. సరిగా వేడిచేసి దాన్ని వెళ్లగొట్టకపోతే, బిగించిన గంటలకో రోజులకో, ఏ కుదుపూ లేకుండానే టప్పుమని తల ఊడిపోవచ్చు. పైగా బోల్టు ఒక్కటే గట్టిదైతే చాలదు, నట్టూ దానికి తగ్గది కావాలి. లేకపోతే బోల్టు నిలిచి నట్టు మరలు ఊడొస్తాయి. ఇక స్టీలు బోల్టు వేద్దామా అంది కోడలు, తుప్పు పట్టదు కదా అని. మంచి ప్రశ్నే. దుకాణాల్లో దొరికే మామూలు స్టెయిన్‌లెస్ బోల్టు చదరపు మిల్లీమీటరుకి 45 కిలోల దగ్గరే సాగుతుంది. 8.8 కంటే తక్కువే. మెరిసేదంతా గట్టిది కాదని ఆమెకి చెబితే, "మా స్టీలు గిన్నెలు అయితే గట్టివే మామయ్యగారూ" అని నవ్వింది.

ఇప్పుడు ఒళ్లు జలదరించే సంగతి.

1978లో నాకు ఇరవై రెండేళ్లు. ఐటీఐలో ఫిట్టరు పాసై ఊళ్లో ఖాళీగా ఉన్నాను. మా పెదనాన్నకి ట్రాక్టరు ఉండేది. చెరుకు నరికే రోజులు. రాత్రనకా పగలనకా ట్రక్కు నిండా చెరుకు వేసి ఫ్యాక్టరీకి తోలేవాళ్లు. ట్రాక్టరు వెనకున్న హుక్కు ప్లేటు వదులైందని, నాలుగు బోల్టుల్లో రెండు అరిగిపోయాయని డ్రైవరు చెప్పాడు. ఇంట్లో ఫిట్టరు ఉండగా మెకానిక్కు ఎందుకని పెదనాన్న నాకు చెప్పాడు. విజయవాడ వెళ్లి కిలోల లెక్కన అమ్మే కొట్లో బోల్టులు తెచ్చాను. బెజ్జంలో ఒకటి పెట్టి చూశాను, సరిగ్గా పట్టింది. తల మీద ఏముందో చూడలేదు. చూడాలని ఐటీఐలో చెప్పారు, పరీక్షలో రాశాను కూడా. పానాకి గొట్టం తగిలించి, ఇద్దరం వేలాడి మరీ బిగించాం. "ఇక ఏనుగు లాగినా ఊడదు" అన్నాను.

నాలుగో రోజు సాయంత్రం కాలవ వంతెన ఎక్కుతుండగా ప్లేటు ఊడి ట్రక్కు విడిపోయింది. వాలులో వెనక్కి దొర్లింది. వెనక ఒకాయన సైకిలు నడిపించుకుంటూ వస్తున్నాడు. ఆ చప్పుడుకి తలెత్తి చూసి, సైకిలు వదిలేసి కాలవలోకి దూకాడు. సైకిలు అప్పడమైంది. ట్రక్కు వంతెన పిట్టగోడని కొట్టుకుని ఆగింది. ఆయన ఈదుకుంటూ బయటికొచ్చి గట్టు మీద కూచుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పెదనాన్న ఆయనకి కొత్త సైకిలు కొనిచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదేమో.

మర్నాడు ఆ విరిగిన బోల్టులు ఏరుకొచ్చి చూశాను. తల మీద ఏమీ లేదు. రెండింటి మెడలు సన్నబడి ఉన్నాయి, లాగిన చూయింగ్‌గమ్ లాగా. అంటే ట్రక్కు బరువుకి అవి తెగడానికి ముందే సాగాయి. సాగదీసింది ఎవరో కాదు, గొట్టం తగిలించి వేలాడిన నేనే.

ఈ ముక్క అర్థం కావడానికి నాకు ఇంకో రెండేళ్లు పట్టింది, వర్క్‌షాపులో చేరాక ఒక పెద్ద ఫోర్‌మన్ చెబితే. బోల్టు పని మేకులా అడ్డం నిలబడటం అనుకుంటాం. కాదు. దాన్ని బిగించినప్పుడు అది పిసరంత సాగుతుంది, సాగిన స్ప్రింగులా రెండు ప్లేట్లనీ దగ్గరికి నొక్కి పట్టుకుంటుంది. ఆ నొక్కుడు వల్ల ప్లేట్ల మధ్య రాపిడి పుడుతుంది. బరువుని మోసేది ముఖ్యంగా ఆ రాపిడి. 12 మిల్లీమీటర్ల మామూలు మర బోల్టునే తీసుకోండి. దాని శక్తిలో ముప్పాతిక వంతు దాకా బిగిస్తే, 4.6 రకం సుమారు 1.4 టన్నుల బలంతో నొక్కుతుంది. 8.8 అయితే 3.7 టన్నులు. 10.9 అయితే 5.3 టన్నులు. లావు అదే, బెజ్జం అదే. నొక్కుడు మాత్రం దాదాపు నాలుగింతలు. తక్కువ రకం బోల్టుని ఎక్కువ బలంతో బిగిస్తే అది సాగిపోయి స్ప్రింగు చచ్చిపోతుంది. నొక్కుడు పోతే ప్లేటు జరగడం మొదలెడుతుంది. జరిగే ప్లేటు ప్రతి కుదుపుకీ బోల్టు మీద కత్తెర వేస్తుంది. ఆ తర్వాత ఎన్ని రోజులన్నదే ప్రశ్న.

ఇదంతా గరాజులో మావాడికి చెప్పాను. సైకిలాయన సంగతితో సహా. వాడికి నలభై ఏళ్లు దగ్గరపడుతున్నాయి, ఇన్నేళ్లలో ఆ సంగతి వాడికి చెప్పడం అదే మొదలు. వాడు సంచీలో బోల్టులు సర్దుకుని, రసీదు వెదుక్కుని, "పద నాన్నా, నువ్వూ రా" అన్నాడు.

ఆ షాపులో బోల్టుల సొరుగుల పక్కనే ఒక పలక ఉంది. రకరకాల పిచ్‌ల మరలు దానికి బిగించి ఉన్నాయి. మన బోల్టు తెచ్చి దేనికి ఎక్కుతుందో అక్కడే చూసుకోవచ్చు. ఇలాంటిది మన ఊళ్లలో ప్రతి కొట్లో ఉంటే ఎంత బాగుండు అనిపించింది. ఒక్కో బోల్టు తల మీద గ్రేడుతోపాటు తయారీదారు గుర్తు కూడా ఉంది. దాని వెనక ఒక చరిత్ర ఉంది. 1980లలో అమెరికాలోకి దొంగ బోల్టులు వెల్లువలా వచ్చాయి. తల మీద 8వ గ్రేడు ఆరు గీతలే, లోపల మాత్రం వేడికి తట్టుకోని చవక బోరాన్ ఉక్కు. సైన్యం సామగ్రిలో కూడా అవి దొరికేసరికి వాళ్ల పార్లమెంటులో పెద్ద గొడవైంది. చివరికి 1990లో బోల్టుల నాణ్యత కోసమే ఒక చట్టం చేశారు. బోల్టు కోసం చట్టమా అని నవ్వకండి. గ్రేడు గుర్తు ఉండి చేసినవాడి గుర్తు లేని బోల్టు, సంతకం లేని చెక్కులాంటిది. మా వర్క్‌షాపులో కూడా తల మీద టీవీఎస్ అని ఉన్న బోల్టు కావాలని అడిగి మరీ తెప్పించేవాళ్లం.

కొత్త బోల్టులు, నట్లు, మందపాటి వాషర్లు అన్నీ కలిపి పాతిక డాలర్లు దాటలేదు. నలభై డాలర్ల హిచ్‌కి పాతిక డాలర్ల బోల్టులా అని మావాడు అన్నాడు గానీ, నవ్వుతూనే అన్నాడు.

బిగింపుకి ముందు హిచ్‌ని ఇంకోసారి పరీక్షించాను. పాత ఇనుము కొనేవాళ్లు చూడాల్సింది వెల్డింగు అతుకుల దగ్గర వెంట్రుకలాంటి పగుళ్లు, కోడిగుడ్డులా సాగిన బెజ్జాలు, ఎక్కడైనా వంకర. ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా బోల్టుల గురించి ఆలోచించక్కర్లేదు, దాన్ని పాత ఇనుము వాడికి ఇచ్చేయడమే. కొత్తగా రంగు వేసి ఉంటే మరీ అనుమానించాలి. ఇది రంగు లేకుండా, నిజాయితీగా తుప్పుపట్టి ఉంది. మిషిగన్‌లో చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు కార్ల అడుగుభాగాన్ని తినేస్తుంది. చట్రంలోని నట్టు మరల్లో కూడా తుప్పు పేరుకుంది. సరైన పిచ్ ఉన్న ట్యాప్ వేసి, నూనె చుక్కలు వేస్తూ, అర చుట్టు ముందుకీ పావు చుట్టు వెనక్కీ తిప్పి శుభ్రం చేశాం. తర్వాత కొత్త బోల్టు వేళ్లతోనే సర్రున దిగింది. నా ప్రాణం లేచొచ్చింది.

చిక్కంతా ఆ రెండు క్యారేజీ బోల్టులతో వచ్చింది. అవి బయటి నుంచి కాదు, చట్రం గొట్టం లోపలి నుంచి కిందికి రావాలి. చెయ్యి పట్టదు. బిగింపు కాగితంలో దానికో ఉపాయం రాసి ఉంది. కొసన స్ప్రింగులా చుట్టిన ఉక్కు తీగని కింది బెజ్జంలోంచి పైకి దూర్చి, పక్కనున్న పెద్ద బెజ్జంలోంచి బయటికి తీసి, దానికి ముందు చదరపు బిళ్ల, తర్వాత బోల్టు తగిలించి, మెల్లగా వెనక్కి లాగాలి. మావాడూ నేనూ ముప్పావు గంట కుస్తీ పట్టాం. రెండుసార్లు బోల్టు లోపల రాలిపోయింది. అయస్కాంతం పెట్టి తీశాం. ఇంతలో మజ్జిగ పట్టుకొచ్చిన మా ఆవిడ కాసేపు చూసి, "లంగాకి బొందు ఎక్కించడమేగా, దీనికింత హైరానా ఏమిటండీ" అంది. కింద అట్టముక్క మీద పడుకుని, సన్నటి వేళ్లతో తీగ తిప్పి, రెండు బోల్టులూ పది నిమిషాల్లో లాగేసింది. నా సర్వీసంతా ఒక్కసారి కళ్లముందు తిరిగింది.

బిగించడానికి టార్క్ పానా కావాలి. అక్కడ కారు సామాన్ల షాపుల్లో డిపాజిట్ కడితే పానాలు అరువిస్తారు, తిరిగి ఇస్తే డబ్బు వెనక్కి ఇచ్చేస్తారు. పిడి మీద అంకె తిప్పిపెట్టుకుంటే, అంత బలం రాగానే టక్ మని చప్పుడు చేస్తుంది. ఆ టక్ దగ్గర ఆగాలి. ఇంకాస్త అనుకుంటే 1978 మళ్లీ మొదలు. కాగితంలోని అంకె పొడి మరలకైతే పొడిగానే బిగించాలి. ట్యాప్ వేసినప్పటి నూనె తుడిచేశాం, నూనె ఉన్న మర అదే టార్క్‌కి బోల్టుని ఇంకా ఎక్కువ లాగేస్తుంది కాబట్టి. ఆరు బోల్టులూ ముందు వేళ్లతో, తర్వాత సగం బలంతో, ఆ తర్వాత టక్ అనేదాకా. టక్ అన్నప్పుడల్లా తొమ్మిదేళ్ల మనవరాలు నోట్‌బుక్కులో ఒక టిక్కు పెట్టింది. ఆరు టిక్కులు.

ట్రాక్టరున్న పాఠకులకి ఇక్కడ ఒక మాట. హుక్కు ప్లేటు బోల్టు వదులవుతుంటే "వెల్డింగు చేసేస్తే పీడా పోతుంది" అని నట్టుకి చుట్టూ అతుకు వేయిస్తారు. చేయించకండి. హెచ్.టి. బోల్టుకి ఆ సత్తువ వచ్చిందే దాన్ని వేడిచేసి, చల్లార్చి, మళ్లీ లెక్కగా వేడిచేయడం వల్ల. వెల్డింగు మంట తగిలితే ఆ పదును పోతుంది. తల మీద 10.9 అని రాసుంటుంది, లోపల మాత్రం అంతకి తగ్గిపోతుంది. కొట్లో "నాలుగు సూతుల బోల్టు ఇవ్వు" అని మాత్రమే అడగొద్దు. సూతంటే అంగుళంలో ఎనిమిదో వంతు, అది లావు ఒక్కటే చెబుతుంది. పాత మంచి బోల్టు ఒకటి జేబులో వేసుకెళ్లి, తల మీది గుర్తు చూపించి అడగండి. నైలాను వలయం ఉన్న నట్టు ఒకసారి విప్పితే మళ్లీ వాడకండి, దాని పట్టు సగం పోయినట్టే.

ప్రయాణానికి ముందు ఇంకో తగాదా మిగిలింది, అది బరువుది. ట్రెయిలర్ ఖాళీగా 1,900 పౌండ్లు. కోడలు బియ్యం మూట, కుక్కరు, పచ్చళ్లు, దుప్పట్లు సర్దేసరికి 2,300 దాటింది. మెడ మీద మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం పడాలని లెక్క. అంటే 230 నుంచి 345 పౌండ్లు. హిచ్ హద్దు 350. కారు హద్దు 3,500. హిచ్‌కీ కారుకీ గుండుకీ వేరువేరు హద్దులుంటే అన్నిటికంటే తక్కువదే లెక్కలోకి వస్తుంది. "ఇక ఒక్క ఆవకాయ జాడీ కూడా ముందువైపు పెట్టొద్దు" అని నేనంటే, జాడీ ట్రెయిలర్ ఇరుసు మీదికి మారింది గానీ ఇంట్లో మాత్రం ఉండిపోలేదు. భద్రత గొలుసులు రెండూ మెడ కింద కత్తెరలా అడ్డంగా తగిలించాం. ఏ కారణం చేతనైనా గుండు ఊడితే మెడ నేలకి గుచ్చుకోకుండా ఆ గొలుసుల ఉయ్యాల పట్టుకుంటుంది. మా పెదనాన్న ట్రక్కుకి గొలుసు లేదు.

పొద్దున్నే బయల్దేరాం. యాభై మైళ్లు పోయాక ఒక విశ్రాంతి స్థలంలో ఆపించాను. అట్టముక్క పరిచి కిందికి దూరి ఆరు బోల్టులకీ పానా పెట్టాను. కొత్తగా బిగించినవి కాస్త సర్దుకుంటాయి, రంగూ తుప్పూ నలిగి నొక్కుడు తగ్గుతుంది. ఒక క్యారేజీ నట్టు మాత్రం ఇంకో పిసరు తిరిగి టక్ మంది. మిగతా అయిదూ కదల్లేదు. పక్కన కారులోంచి దిగిన ఒక తెల్లాయన నన్ను చూసి బొటనవేలు పైకెత్తాడు.

మధ్యాహ్నానికి మ్యాకినా వంతెన కనిపించింది. 1957లో కట్టారు, మొత్తం పొడవు దాదాపు ఎనిమిది కిలోమీటర్లు. కింద రెండు మహా సరస్సుల నీళ్లు కలుస్తుంటాయి. లోపలి వరసల్లో రోడ్డు బదులు ఇనుప జాలీ ఉంటుంది, కిందికి చూస్తే నీళ్లు కనిపిస్తాయి. ఎక్కడానికి ముందు ఊళ్లో పెట్రోలు పోయించడానికి ఆగాం. మావాడు దిగి పెట్రోలు గొట్టం దగ్గరికి వెళ్లాడనుకున్నాను. వెళ్లలేదు. వెనకవైపు నుంచి అట్టముక్క నేల మీద పరిచిన చప్పుడు వినిపించింది. తర్వాత మనవరాలి గొంతు.

"డాడీ, వన్. టూ. త్రీ..."

ఆరుదాకా లెక్కపెట్టింది. నేను కారు దిగలేదు.